జీతమిచ్చి చదివించే చదువు

ఆదివారం ఆరాధన ముగిసింది. గోదావరిఖనిలో గుడి ముందు వేపచెట్టు నీడన నలుగురం నిలబడి మాట్లాడుకొంటున్నాము. నైట్ షిఫ్టు దిగి, స్నానం చేసి, నిద్రపోకుండానే ఆరాధనకు వచ్చినవారు కొందరున్నారు. సెకండ్ షిఫ్టుకు పోవలసి ఉండి గడియారం చూసుకొంటున్నవారు కొందరున్నారు. అప్పుడొక తండ్రి మా మధ్యనున్న పాస్టరు గారి దగ్గరకు వచ్చి నెమ్మదిగా అడిగారు.

"అయ్యగారూ, మా బిడ్డది ఎమ్మెస్సీ అయిపాయె. ఇంకా చదువుతనంటున్నది. పీహెచ్‌డీ అట. దానికి లక్షలు గావాలె గదా? నాకింక మూడేండ్ల సర్వీసే ఉన్నది. ఏం జెయ్యమంటరు?"

"లక్షలు కావాలని ఎవరు చెప్పారు?" అని పాస్టరు గారు అడిగారు.

"అందరంటున్నరు" అన్నారాయన.

ఆ "అందరి" మాట మన బొగ్గుబావుల ప్రాంతంలో ఎన్ని ఇళ్ళలో తిరుగుతున్నదో మనకు తెలుసు. బాయి పనిలో తండ్రి ఆరోగ్యం చెడి అనర్హుడైతే కారుణ్య నియామకం కింద కొడుకుకు ఉద్యోగం వస్తుందేమోనని కొన్ని ఇళ్ళలో ఎదురుచూస్తారు. ఎమ్మెస్సీ చదివిన కూతురు ప్రైవేటు బడిలో చిన్న జీతానికి పాఠాలు చెబుతూ, పెళ్ళి సంబంధం కోసం ఎదురుచూస్తుంది. పరిశోధన మాత్రం ఎవరి లెక్కలోకీ రాదు. అది ఉన్నవాళ్ళ చదువని మన అభిప్రాయం. ఆ అభిప్రాయం తప్పని చెప్పడానికే ఈ వ్యాసం వ్రాస్తున్నాము. జీవశాస్త్రంలో పీహెచ్‌డీ చేసే విద్యార్థికి సరైన దారిలో వెళితే తల్లిదండ్రులు డబ్బు పంపనక్కరలేదు. దేశమే అతనికి నెలనెలా డబ్బిచ్చి చదివిస్తుంది.

పరిశోధన అంటే ఏమిటి?

పీహెచ్‌డీ చేసినవారి పేరుకు ముందు "డాక్టర్" అని వ్రాస్తారు గాని, వారు మందులిచ్చే డాక్టర్లు కారు. ఇంతవరకు ఎవరికీ తెలియని ఒక చిన్న విషయాన్ని ప్రయోగాలు చేసి కనిపెట్టి, దానిని గ్రంథంగా వ్రాసి, పండితుల ముందు నిలబడి సమర్థించుకొన్నవారికి విశ్వవిద్యాలయం ఇచ్చే పట్టా అది. ఎమ్మెస్సీ దాకా పుస్తకంలో ఉన్నది నేర్చుకొంటాము. పరిశోధనలో పుస్తకంలో లేనిదానిని వెదుకుతాము.

ఇలాంటి వెదుకులాట మన రాష్ట్రానికి కొత్త కాదు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు దోమ కడుపును మైక్రోస్కోపు కింద చూసి అందులో మలేరియా పరాన్నజీవిని గుర్తించాడు. అంతకుముందు చాలాకాలం మలేరియా చెడుగాలి వల్ల వస్తుందని లోకం నమ్మేది. ఆ పనికి 1902లో ఆయనకు నోబెల్ బహుమానం వచ్చింది. ఆయన ఉన్న చోటు మన రైలు రోజూ పోయే ఊరే.

బొగ్గులో దాగిన జీవశాస్త్రం

"జీవశాస్త్రానికీ మన బొగ్గుకూ ఏమి సంబంధం?" అని మీరు అడగవచ్చు. బొగ్గు ఒకనాటి చెట్టే గదా! శాస్త్రజ్ఞుల లెక్క ప్రకారం 25 కోట్ల సంవత్సరాలకు పైబడిన కాలంలో ఈ గోదావరి లోయలో పెరిగిన అడవులు బురద కింద పూడిపోయి, బరువుకూ వేడికీ బొగ్గుగా మారాయి. నాలుకలాంటి ఆకులుండే గ్లాసోప్టెరిస్ జాతి చెట్లు ఆ అడవుల్లో ముఖ్యమైనవి. లక్నోలో 1946లో స్థాపించిన బీర్బల్ సాహ్ని సంస్థ శాస్త్రజ్ఞులు రామగుండం-మంథని ప్రాంతంలోని బోరు నమూనాలను తీసుకొని, వాటిలో మిగిలిన పుప్పొడి రేణువులను మైక్రోస్కోపు కింద పరీక్షించి, ఏ పొర ఏ కాలానిదో తేల్చారు. మన నాన్నలు క్యాప్ ల్యాంపు వెలుగులో తవ్విన పొరలను వారు మైక్రోస్కోపు వెలుగులో చదివారు.

పైనున్న నేల మీద కూడా ప్రశ్నలు తక్కువ లేవు. ఓపెన్‌కాస్టు గనుల పక్కన పోసిన మట్టి కుప్పలు చూడండి. ఆ మట్టిలో నత్రజని తక్కువ, సేంద్రియ పదార్థం తక్కువ. ఏ మొక్క అక్కడ నిలదొక్కుకొంటుంది? దాని వేళ్ళలో ఏ సూక్ష్మజీవి చేరితే నేల మళ్ళీ నేల అవుతుంది? దుమ్ము పీల్చిన ఊపిరితిత్తిలో కణం కణం ఎలా గట్టిపడుతుంది? థర్మల్ స్టేషన్ బూడిద కలిసిన నీటిలో చేపకు ఏమవుతుంది? వీటికి జవాబు వెదకడానికి మన బస్తీ పిల్లల కంటె తగినవారు ఎవరు? ఆ దుమ్ము వారి ఇంటి బట్టల మీద ఆరినదే.

ఖర్చు ఎవరు పెడతారు?

ఇక అసలు సంగతికి వద్దాము. మన దేశంలో విజ్ఞాన పరిశోధనకు డబ్బిచ్చే పెద్ద సంస్థల్లో ఒకటి 1942లో ఏర్పడిన సి.ఎస్.ఐ.ఆర్. ఇది మన సి.ఎస్.ఐ. సంఘం కాదు, శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధనా మండలి! ఈ మండలి, యు.జి.సి. కలిసి మామూలుగా ఏటా రెండుసార్లు "నెట్" అనే పరీక్ష పెడతాయి. అందులో లైఫ్ సైన్సెస్ ఒక విభాగం. బాటనీ, జువాలజీ, మైక్రోబయాలజీ, బయోకెమిస్ట్రీ, బయోటెక్నాలజీ, జెనెటిక్స్ చదివినవారందరూ ఈ విభాగంలోనే వ్రాస్తారు.

ఈ పరీక్షలో పై వరుసలో నిలిచినవారికి జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ ఇస్తారు. దీనినే క్లుప్తంగా జె.ఆర్.ఎఫ్. అంటారు. 2023 జనవరి 1 నుండి అమలైన రేటు ప్రకారం మొదటి రెండేళ్ళు నెలకు 37,000 రూపాయలు. ఆ తరువాత పని పరిశీలించి సీనియర్ ఫెలోగా మారిస్తే నెలకు 42,000 రూపాయలు. మొత్తం 5 ఏళ్ళ వరకు ఇస్తారు. లెక్క కట్టి చూడండి. మొదటి రెండేళ్ళకు 8,88,000, తరువాతి మూడేళ్ళకు 15,12,000, వెరసి 24 లక్షలు. హాస్టలు దొరకనివారికి ఇంటి అద్దె భత్యం దీనికి అదనం. పుస్తకాలు, ప్రయాణాల వంటి వాటికి ఏటా కొంత కంటింజెన్సీ సొమ్ము కూడా ఉంటుంది. విశ్వవిద్యాలయానికి కట్టవలసిన రుసుము ఉంటుంది గాని, ఈ సొమ్ములో అది పెద్ద భారం కాదు. లక్షలు కావాలని ఆ తండ్రికి "అందరూ" చెప్పారు. లక్షలు వస్తాయని ఒక్కరూ చెప్పలేదు!

అయితే ఒక నియమం ఉన్నది. ఈ ఫెలోషిప్ తీసుకొంటున్నంత కాలం మరో జీతపు ఉద్యోగం చేయకూడదు. ఇది కుటుంబం ముందే తెలుసుకోవాలి.

పరీక్ష ఎలాంటిది?

ఎమ్మెస్సీలో 55 శాతం మార్కులు ఉండాలి. రిజర్వు వర్గాలకు 50 శాతం చాలు. చివరి సంవత్సరం చదువుతున్నవారు కూడా వ్రాయవచ్చు. జె.ఆర్.ఎఫ్.కు వయసు 30 దాటకూడదు. స్త్రీలకూ ఎస్సీ, ఎస్టీలకూ 5 ఏళ్ళ సడలింపు ఉన్నది. ఓబీసీలకు కూడా సడలింపు ఉన్నది.

పరీక్ష కంప్యూటరు మీద, 3 గంటలు, 200 మార్కులకు జరుగుతుంది. మూడు భాగాలుంటాయి. మొదటి భాగంలో మామూలు తెలివికి, లెక్కలకు సంబంధించిన 20 ప్రశ్నల్లో 15 వ్రాయాలి. రెండవ భాగంలో 50లో 35 వ్రాయాలి. ఈ రెండింటిలో ప్రశ్నకు 2 మార్కులు. మూడవ భాగంలో 75 ప్రశ్నలిచ్చి 25 వ్రాయమంటారు, ఒక్కొక్కదానికి 4 మార్కులు. అంటే సగం మార్కులు మూడవ భాగానివే. తప్పు జవాబుకు ఆ ప్రశ్న మార్కుల్లో నాలుగో వంతు కోత పడుతుంది. కాబట్టి అన్నీ తెలియాలని భయపడనక్కరలేదు. కొన్ని అధ్యాయాలను లోతుగా చదివి, తెలియనిదానిని వదిలిపెట్టే నిగ్రహం ఉంటే చాలా వరకు నెగ్గవచ్చు. ప్రశ్నలు ఇంగ్లీషులోనూ హిందీలోనూ మాత్రమే వస్తాయి. తెలుగు మీడియంలో చదివిన పిల్లలు డిగ్రీ మొదటి ఏడు నుండే ఇంగ్లీషు పాఠ్యపుస్తకం పక్కన పెట్టుకొని చదవడం అలవాటు చేసుకోవాలి.

2024 నుండి ఈ నెట్ ఫలితాన్ని మూడు తరగతులుగా ఇస్తున్నారు. మొదటి తరగతివారికి ఫెలోషిప్పు, లెక్చరరు అర్హత, పీహెచ్‌డీ ప్రవేశం మూడూ వస్తాయి. రెండవ తరగతివారికి లెక్చరరు అర్హత, పీహెచ్‌డీ ప్రవేశ అర్హత ఉంటాయి. మూడవ తరగతివారికి పీహెచ్‌డీ ప్రవేశ అర్హత మాత్రమే. చివరి రెండు తరగతుల మార్కులు ఒక ఏడాది చెల్లుతాయి. వారికి ప్రవేశం ఇచ్చేటప్పుడు నెట్ మార్కులకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం విలువ ఇస్తారు. మీ బిడ్డ "నెట్ వచ్చింది" అని చెబితే, సంతోషించి, ఏ తరగతిలో వచ్చిందో కూడా అడగండి. నెలనెలా డబ్బు వచ్చేది మొదటి తరగతివారికే.

ఇతర ద్వారాలు

ఒక్క తలుపు తెరచుకోకపోతే మరొకటి తట్టవచ్చు. కేంద్ర బయోటెక్నాలజీ శాఖ "బెట్" అనే పరీక్ష ద్వారా తన జె.ఆర్.ఎఫ్.లను ఎంపిక చేస్తుంది. టాటా సంస్థవారి జీవశాస్త్ర ప్రవేశపరీక్ష ద్వారా బెంగుళూరు ఎన్.సి.బి.ఎస్. వంటి చోట్ల చేరవచ్చు. గేట్ పరీక్షలో కూడా లైఫ్ సైన్సెస్, బయోటెక్నాలజీ పేపర్లున్నాయి. విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీలో మొదటి ర్యాంకు వచ్చినవారి కోసం కేంద్ర విజ్ఞాన సాంకేతిక శాఖ 2008లో ప్రారంభించిన ఇన్‌స్పైర్ పథకంలో ఫెలోషిప్పులు ఏర్పాటయ్యాయి. ఏ పథకమైనా ఆ ఏటి ప్రకటన చూసుకొనే దరఖాస్తు చేయాలి.

చేరే చోటు కూడా మనకు దూరం కాదు. పెద్దపల్లిలో రైలెక్కితే హైదరాబాదు కొన్ని గంటల ప్రయాణం. అక్కడ హబ్సిగూడలో సి.సి.ఎం.బి. ఉన్నది. 1977లో పుష్పమిత్ర భార్గవ సారథ్యంలో మొదలైన ఈ కణ, అణు జీవశాస్త్ర కేంద్రం దేశంలో పేరెన్నికగన్నది. మన దేశంలో డి.ఎన్.ఏ. వేలిముద్రల విధానాన్ని లాల్జీ సింగ్ గారు రూపొందించింది అక్కడే. డి.ఎన్.ఏ. మీదనే ప్రత్యేకంగా పనిచేసే సి.డి.ఎఫ్.డి., 1918లో కూనూరులో పుట్టి 1958లో హైదరాబాదుకు వచ్చిన జాతీయ పోషకాహార సంస్థ, 1974లో స్థాపించిన హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయం కూడా అదే నగరంలో ఉన్నాయి. ఇంకా దగ్గరలో వరంగల్ కాకతీయ, కరీంనగర్ శాతవాహన విశ్వవిద్యాలయాలున్నాయి.

డిగ్రీ, ఎమ్మెస్సీ చదువుతుండగానే ప్రయోగశాల చూడాలనుకొనేవారికి భారత విజ్ఞాన అకాడమీలు మూడూ కలిసి రెండు నెలల వేసవి పరిశోధన శిక్షణ ఇస్తాయి. దీనికీ భృతి ఉన్నది. ఒక్క వేసవి ప్రయోగశాలలో గడిపితే, ఈ పని మనకు సరిపడుతుందో లేదో తెలిసిపోతుంది.

విదేశాల సంగతి కూడా కొంత చెప్పాలి. అమెరికాలో జీవశాస్త్రపు పీహెచ్‌డీలో చేరినవారికి సాధారణంగా విశ్వవిద్యాలయమే ఫీజు భరించి, నెలవారీ భృతి ఇస్తుంది. జర్మనీలో పరిశోధక విద్యార్థిని చాలాచోట్ల జీతం మీద ఉద్యోగిగా తీసుకొంటారు. తిరుత్తణి దగ్గర తెలుగు రైతు కుటుంబంలో పుట్టిన కృష్ణ ఎల్లా గారు రోటరీ వారి విద్యార్థి వేతనంతో అమెరికా వెళ్ళి, విస్కాన్సిన్‌లో పీహెచ్‌డీ చేసి తిరిగి వచ్చి, 1996లో హైదరాబాదులో భారత్ బయోటెక్ స్థాపించారు. 2021లో మనలో చాలామంది చేతికి వేయించుకొన్న కోవాక్సిన్ టీకా అక్కడిదే. ఒక్క మాట గుర్తుంచుకోండి. నిజంగా ఆర్థిక సహాయమున్న పీహెచ్‌డీ సీటు ఇప్పిస్తానని ఏ ఏజెంటయినా లక్షలు అడిగితే, అది మోసమని గ్రహించండి. విదేశాలలో పీజీ, పీహెచ్‌డీ చేసే అల్పసంఖ్యాక వర్గాల విద్యార్థులకు తెలంగాణ ప్రభుత్వం 20 లక్షల రూపాయల వరకు ఇచ్చే పథకం ఉన్నది. క్రైస్తవులు దానికి అర్హులే. ఆదాయ పరిమితి మాత్రం ఉన్నది.

సర్టిఫికెట్టు విషయంలో నిజాయితీ

ఇది మన ఇళ్ళలో గుసగుసగా మాట్లాడుకొనే విషయం. ఇక్కడ బహిరంగంగానే వ్రాస్తున్నాము. అల్పసంఖ్యాక విద్యార్థుల పీహెచ్‌డీ కోసం 2009లో మొదలైన మౌలానా ఆజాద్ ఫెలోషిప్పు క్రైస్తవ పిల్లలకు కూడా వచ్చేది. 2022-23 నుండి దానిని నిలిపివేస్తున్నట్లు కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబరులో పార్లమెంటులో ప్రకటించింది. కాబట్టి ఇంకా ఎవరైనా దానిమీద ఆశపెట్టుకొని ఉంటే ఆ ఆశ వదులుకొని వేరే దారి చూసుకోవాలి.

1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులుగా ఉన్నవారికి ఎస్సీ హోదా వర్తించదు. మన రాష్ట్రంలో ఎస్సీ నుండి క్రైస్తవులైనవారినీ వారి సంతతినీ బీసీ-సి వర్గంలో చేర్చారు. కేంద్ర ఓబీసీ జాబితాలో కూడా వారికి చోటున్నది. గిరిజన క్రైస్తవులకు ఎస్టీ హోదా మతం వల్ల పోదు. ఈ న్యాయాన్యాయాల మీద సంఘంలో ఆవేదన ఉన్నది, అది మాకు తెలుసు. అయినా దరఖాస్తు ఫారం మీద పిల్లలు వ్రాసేది నిజమై ఉండాలి. పరిశోధన అంటేనే ఉన్నది ఉన్నట్లు వ్రాయడం. దాని మొదటి కాగితమే అబద్ధమైతే తరువాతి కాగితాలకు విలువేమున్నది? పైగా ఎన్నేళ్ళకైనా అది బయటపడితే పట్టా, ఉద్యోగం రెండూ పోవచ్చు. బీసీ-సి వారు క్రీమీలేయరు కాదన్న ధృవపత్రాన్ని కేంద్ర ప్రభుత్వ నమూనాలో ముందుగానే తీసుకొని ఉంచుకోండి. నెట్ వ్రాసిన ఓబీసీ విద్యార్థులకు ప్రత్యేకంగా జాతీయ ఫెలోషిప్పు కూడా ఉన్నది. నిజం చెప్పి నిలబడే మార్గం మనకు ఉన్నది.

చెల్లెలి కట్నం

ఇప్పుడొక కుటుంబం కథ చెబుతాము. 1822లో, ఇప్పటి చెక్ దేశంలోని ఒక పల్లెలో, పేద రైతు ఇంట ఒక మగపిల్లవాడు పుట్టాడు. చదువులో చురుకైనవాడు. అతనికి 16 ఏళ్ళప్పుడు తండ్రి మీద చెట్టు పడి తీవ్రంగా గాయపడ్డాడు. ఇంక పని చేయలేని తండ్రి. ఇల్లు గడవాలి. కొడుకు చదువు మానుకొని పొలం పట్టాలి. మన ప్రాంతంలో ఈ కథ ఎన్ని ఇళ్ళలో జరగలేదు! అప్పుడు ఆ పిల్లవాడి చెల్లెలు థెరీసియా తన కట్నంలో ఒక భాగాన్ని అన్న చదువుకు ఇచ్చింది.

ఆ అన్న పేరు గ్రెగర్ మెండెల్. 1843లో అతడు బ్రున్ పట్టణంలో మఠంలో చేరాడు. 1850లో ఉపాధ్యాయ పరీక్షలో తప్పాడు. అయినా మఠాధిపతి అతనిని వదలలేదు. మఠం ఖర్చుతో 1851లో వియన్నా విశ్వవిద్యాలయానికి పంపాడు. తిరిగి వచ్చిన మెండెల్ 1856 నుండి 1863 వరకు మఠం తోటలో సుమారు 28,000 బఠానీ మొక్కలను పెంచి, లెక్కపెట్టి, తల్లిదండ్రుల లక్షణాలు పిల్లలకు ఏ లెక్కన వస్తాయో కనిపెట్టాడు. 1866లో అచ్చయిన ఆ వ్యాసాన్ని లోకం పట్టించుకోలేదు. 1884లో ఆయన చనిపోయాడు. 1900లో గాని దాని విలువ తెలియలేదు. ఈనాడు లోకమంతటా జన్యుశాస్త్రం చదివే ప్రతి విద్యార్థీ ఆయన పేరుతోనే మొదలుపెడతాడు. చెల్లెలి బాకీని కూడా ఆయన మరువలేదు. ఆమె కొడుకుల చదువుకు తానే సాయపడ్డాడు.

మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి సంగతీ అంతే. మామగారి సాయంతోనూ దాతల సాయంతోనూ 1922లో బోస్టను చేరారు. ఫెలోషిప్పు లేదు. రాత్రిళ్ళు ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు కడిగి, పగలు హార్వర్డులో చదివారు. శరీరంలో శక్తి ఎలా నిలవ ఉంటుందో తెలిపే పరిశోధనలో పాలుపంచుకొని, 1930లో పీహెచ్‌డీ పొందారు. ఆయన పడిన పాట్లు ఈనాటి మన పిల్లలు పడనక్కరలేదు. ఆనాడు మామగారూ దాతలూ చేసిన పని ఇప్పుడు జె.ఆర్.ఎఫ్. చేస్తున్నది. కుటుంబం చేయవలసింది మాత్రం ఇంకా మిగిలే ఉన్నది. పరీక్షకు చదువుకొనే ఆ ఒకటి రెండేళ్ళు బిడ్డను ఓర్పుతో ఇంట్లో ఉంచుకోవాలి. "ఇంకా ఎప్పుడు సంపాదిస్తావు?" అన్న మాట నోటి దాకా వచ్చినా ఆపుకోవాలి. థెరీసియా ఇచ్చినంత పెద్ద కానుక అది.

ఆడపిల్లల మాట

వేపచెట్టు కింద అడిగిన ఆ తండ్రి మనసులో పెళ్ళి చింత కూడా ఉన్నది. అది సహజమే. పీహెచ్‌డీకి గరిష్ఠ కాలం 6 ఏళ్ళయితే స్త్రీలకు మరో 2 ఏళ్ళు అదనంగా ఇస్తారు. ప్రసూతి, శిశు సంరక్షణల కోసం 240 రోజుల సెలవు ఉన్నది. ఇవి 2022 నాటి యు.జి.సి. నిబంధనల్లోనివే. ఇల్లూ పిల్లలతో చదువు ఆగిపోయిన 27 నుండి 45 ఏళ్ళ స్త్రీల కోసం కేంద్ర విజ్ఞాన సాంకేతిక శాఖ ప్రత్యేకంగా పీహెచ్‌డీ ఫెలోషిప్పు పెట్టింది. కాబట్టి పెళ్ళయితే చదువు ముగిసిపోతుందనీ, చదివితే పెళ్ళి ఆగిపోతుందనీ అనుకోవద్దు. సంబంధం మాట్లాడేటప్పుడే "మా అమ్మాయి పరిశోధన పూర్తి చేస్తుంది" అని చెప్పండి. నెలకు 37,000 తెచ్చుకొనే అమ్మాయిని భారమని ఎవరంటారు?

దాచకూడని మాటలు

మంచి మాటలే చెప్పి ఊరుకొంటే మేము మీకు అన్యాయం చేసినవారమవుతాము. నెట్‌లో పోటీ చాలా గట్టిది. రెండు మూడుసార్లు వ్రాసి నెగ్గినవారే ఎక్కువ. ఫెలోషిప్పు సొమ్ము కొన్నిసార్లు నెలల తరబడి ఆలస్యంగా వస్తుంది. అందుకని మొదటి నెలలకు కొంత డబ్బు చేతిలో ఉంచుకోవాలి. ప్రయోగాలు విఫలమవుతాయి. ఏడాది శ్రమ ఒక్క ఉదయాన వృథా కావచ్చు. మార్గదర్శకుడు అందరికీ మంచివాడు దొరకకపోవచ్చు. చేరేముందు ఆ ప్రయోగశాలలో ఉన్న విద్యార్థులతో మాట్లాడి తెలుసుకోవాలి. పట్టా వచ్చాక కూడా స్థిరమైన ఉద్యోగానికి కొంతకాలం వేచి ఉండాలి.

అన్ని పీహెచ్‌డీలకూ డబ్బు రాదు. కేంద్ర విశ్వవిద్యాలయాల్లో నెట్ ఫెలోషిప్పు లేనివారికి ఇచ్చేది నెలకు 8,000 రూపాయలే. ఇతర చోట్ల చాలామంది సొంత ఖర్చుతో చేస్తారు. కాబట్టి సీటు దొరికిందని పరుగెత్తకుండా, "డబ్బు ఎవరిస్తారు? ఎన్నేళ్ళిస్తారు?" అని ముందే వ్రాతపూర్వకంగా అడగండి. డబ్బు తీసుకొని గ్రంథం వ్రాసిపెడతామనేవారి దగ్గరకు మాత్రం ఎన్నడూ పోవద్దు.

విశ్వాసం సంగతి

సైన్సు ఎక్కువ చదివితే పిల్లలు గుడికి రారని కొందరు తల్లులు భయపడుతున్నారు. దానియేలునూ అతని స్నేహితులనూ గుర్తు చేసుకోండి. వారు కల్దీయుల విద్య అంతా నేర్చుకొన్నారు, ప్రార్థన మాత్రం మానలేదు. సొలొమోను రాజు లెబానోను దేవదారు మొదలుకొని గోడలో మొలిచే హిస్సోపు వరకు, మృగాలను గూర్చీ పక్షులను గూర్చీ చేపలను గూర్చీ మాట్లాడాడని రాజుల గ్రంథం చెబుతున్నది. ఇంగ్లండులో కేంబ్రిడ్జిలోని కావెండిష్ ప్రయోగశాల తలుపు మీద 111వ కీర్తనలోని వచనం చెక్కించి ఉన్నది. డి.ఎన్.ఏ. ఆకారాన్ని 1953లో కనిపెట్టింది ఆ ప్రయోగశాలలోనే. దేవుని క్రియలను వెదికి చూడడం భక్తికి విరోధం కాదు. మన పిల్లలు దూరమైతే అది సైన్సు వల్ల కంటె, నగరంలో ఒంటరిగా ఉన్నప్పుడు సంఘం వారిని పలకరించకపోవడం వల్లనే ఎక్కువ.

సంఘం ఏమి చేయగలదు?

పెద్ద నిధి అవసరం లేదు. క్వార్టరులో రెండు గదులు, ఒక టీవీ, షిఫ్టు దిగి పగలు నిద్రపోయే తండ్రి. అక్కడ చదువుకోవడం ఎంత కష్టమో మనకు తెలుసు. వారంలో ఆరు రోజులు తాళం వేసి ఉండే గుడి పక్క గదిని సాయంత్రాలు చదువుకొనే పిల్లలకు తెరవండి. ఒక లైటు, ఒక ఫ్యాను, ఒక బల్ల చాలు. స్త్రీల సమాజం వారు ఏటా ఇద్దరు విద్యార్థుల పరీక్ష రుసుము భరించవచ్చు. నెట్ పుస్తకాలు నాలుగు కొని ఉంచితే ఒకరి తరువాత ఒకరు చదువుకొంటారు. పరిశోధన చేస్తున్న మన పిల్లలు సెలవులకు వచ్చినప్పుడు, సండేస్కూలు పిల్లల ముందు నిలబెట్టి పది నిమిషాలు మాట్లాడించండి. ఇంటర్‌లో బై.పి.సి. తీసుకొని మెడిసిన్ సీటు రాలేదని కుమిలిపోతున్న పిల్లలకు ఆ పది నిమిషాలు కొత్త దారి చూపుతాయి.

యోబు గ్రంథం 28వ అధ్యాయం మన ప్రాంతం వారు తప్పక చదవవలసినది. మనుష్యులు చీకటిలోకి దిగి, మనుష్య సంచారం లేని చోట సొరంగాలు తవ్వి, తాళ్ళకు వ్రేలాడుతూ రాళ్ళను వెదకుతారని అక్కడ వ్రాసి ఉన్నది. అంతటి శ్రమ చెప్పిన తరువాత, జ్ఞానం ఎక్కడ దొరుకుతుందని ఆ భక్తుడు అడుగుతాడు. దేవునియందలి భయభక్తులే జ్ఞానమని చివరకు జవాబు చెబుతాడు. బాయిలోకి దిగిన తండ్రులకు ఆ మొదటి సగం బాగా తెలుసు. ఆ భయభక్తులను వెంట తీసుకొనే వారి పిల్లలు ప్రయోగశాలలో వెదకబోతున్నారు.

ఆనాడు పాస్టరు గారు ఆ తండ్రి భుజం మీద చెయ్యి వేసి, "బిడ్డను ఒక్కసారి రాయనియ్యండి, ఒక ఏడాది ఆగుదాం" అన్నారు. ఆయన కొంచెంసేపు ఆలోచించి, "సరే అయ్యగారూ, బిడ్డకు చెప్త. డ్యూటీకి టైమయితున్నది" అని వెళ్ళిపోయారు. ఆ ఇంట్లో ఇప్పుడు పుస్తకాలు తెరచి ఉన్నాయి. మీ ఇంట్లో కూడా అలాంటి బిడ్డ ఉంటే, ఈ పుట మూయకముందే పిలిచి చదివి వినిపించండి. ఆ బిడ్డ కోసం మా ప్రార్థనలు కూడా ఉంటాయి.